చివరి రౌండు నాటికి నిలబడాలి

జూలై, కోయంబత్తూరు

మొదటి రౌండు రోజు ఉదయం మా గ్యారేజీలో ఉన్నవాళ్ళు: డ్రైవరు కార్తీక్, విశాఖపట్నం కుర్రాడు, పదిహేడేళ్ళు; టీము నడిపే సెల్వం అన్న, చెన్నై మనిషి, ఒకప్పుడు తనూ రేసులు నడిపినవాడు; కారు మెకానిక్‌ని నేను, ఈశ్వరరావు, అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వాడిని, మెకానికల్ డిప్లొమా. ఉన్న వస్తువులు: ఒక్కరే కూర్చునే, నాలుగు చక్రాలూ బాడీకి బయట ఉండే రేసు కారు ఒకటి, ఎండకి నాలుగు టైర్లు, వానకి నాలుగు, జాకీలు, పనిముట్ల పెట్టె, తాగే నీళ్ళకి నీలం రంగు ఐస్ డబ్బా, కార్తీక్ వాళ్ళమ్మ పంపిన పులిహోర. జబ్బు అప్పటికే నాలో ఉందో, ఆ వారంలో వచ్చిందో తరువాత ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేదు. అందుకే దాన్ని ఈ జాబితాలో చేర్చలేదు.

అది జాతీయ జూనియర్ ఛాంపియన్‌షిప్. సునామీ వచ్చిన డిసెంబరు తరువాతి ఏడాది. సీజన్‌కి నాలుగు రౌండ్లు, జూలైలో మొదలై నవంబరులో ముగుస్తాయి. రెండు కోయంబత్తూరులో, రెండు చెన్నై దగ్గర. ఇక్కడ బాగా నడిపిన కుర్రాళ్ళను పెద్ద టీములవాళ్ళు గమనిస్తారు. మెకానిక్‌లను కూడా గమనిస్తారు, ఆ సంగతి బయటివాళ్ళకు తెలియదు. పూర్తిగా నా చేతికిచ్చిన మొదటి కారు అది.

కార్తీక్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ రాత్రి రోడ్డు పక్కన తిన్న భోజనం ముగ్గురికీ పడలేదు. వాళ్ళిద్దరికీ రెండు రోజుల్లో తగ్గిపోయింది. నాకూ తగ్గిందనే అనుకున్నాను.

చెన్నై వర్క్‌షాపుకి తిరిగొచ్చిన వారానికి పాదాల్లో తిమ్మిరి మొదలైంది. సిమెంటు నేల మీద పొద్దస్తమానం నిలబడటం వల్ల అనుకుని బూట్లు మార్చాను. తరువాత వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. బ్రేకులు కడిగే మందు పడటం లేదనుకుని గ్లవ్స్ మార్చాను. యంత్రంలో ఎక్కడైనా తేడా వస్తే ముందు చవకైన భాగాన్ని మార్చి చూడటం మా పని పద్ధతి. ఒంటి మీద కూడా అదే చేశాను.

"ఈశ్వర్, మళ్ళీ నట్టు పడేశావు," అన్నాడు సెల్వం అన్న. ఆయన మాట్లాడేది తమిళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"గ్లవ్ జారుతోంది అన్నా."

"అయితే గ్లవ్ తియ్యి."

తీశాను. నట్టు మళ్ళీ పడింది. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఆసుపత్రికి పో. ఇప్పుడే పో."

నేను ఇంటికి ఫోన్ చేశాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. సునామీ నాడు నేను చెన్నైలో ఉన్నాను, అమ్మా నాన్నా జంగ్లీఘాట్‌లో. భూమి ఊగింది, మా సందు దిగువన సముద్రం లోపలికి వచ్చింది, ఫోన్లు పోయాయి. వాళ్ళు బతికున్నారో లేదో తెలియక నేను చెన్నై రేవులో పేర్ల కాగితాలు అంటించిన గోడ దగ్గర నిలబడ్డాను. నేనున్న తీరం మీదికి కూడా నీళ్ళొచ్చాయని రేడియోలో విని అమ్మ అక్కడ అన్నం మానేసింది. ఐదో రోజున నాన్న గొంతు వినిపించింది. ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే ఒక రూలు పుట్టింది. ఎవరికి ఏమైనా సరే, అందరం ఒకచోట ఉండాలి. ఇది మా ఒక్క ఇంటి రూలు కాదు. ఆ ఏడాది మా సందులో చాలా ఇళ్ళలో ఇదే.

"కాళ్ళు తిమ్మిర్లేటిరా?" అంది అమ్మ. "ఎప్పుట్నించి? మరి సెప్పవేం? ఏయ్, సునో," అని నాన్నను పిలిచి, "ఆడికి ఒంట్లో బాగోలేదంట," అంది.

నాన్న పోర్ట్ బ్లెయిర్ రేవు, హాడో వార్ఫ్‌లో క్రేన్ ఆపరేటరు. ఏ ఓడ ఎప్పుడు ఎక్కడుందో ఆయనకు తెలుసు. ఫోన్ తీసుకుని ఒక్కటే అన్నారు. "రేపు ఓడుంది. ఎక్కేయ్."

నేనుండే గది నుంచి చెన్నై పెద్దాసుపత్రికి ఆటోలో వెళ్ళొచ్చు. నేను ఆటో ఎక్కి రేవుకి వెళ్ళాను.

జూలై చివర, ఓడ

బంక్ క్లాసులో ఎక్కినప్పుడు నా సంచి నేనే మోసుకున్నాను. రెండో రోజు భోజనాల గదికి వెళ్ళే ఇనప మెట్లు ఎక్కలేకపోయాను. కింది బంకులో డిగ్లీపూర్ వెళ్తున్న ఒక బెంగాలీ ముసలావిడ ఉండేది. అందరూ మాసీ అనేవారు.

"సముద్రం పడలేదా బేటా?" అని హిందీలో అడిగింది.

"నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టాను మాసీ. నాకు ఓడలో తల తిరగదు."

"తల కాదు, కాళ్ళు తిరుగుతున్నాయి నీకు," అని నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రానికి మోకాళ్ళ కింద కాళ్ళు నావి కావు. మూడో రోజుకి నడుము కింద.

ఓడ డాక్టరు వచ్చి సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఆయన ముఖం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. "ఎక్కే ముందు ఎవరికైనా చూపించావా?" అన్నాడు. లేదన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బయట నీళ్ళే ఉన్నాయి. ఓడ వెనక్కి తిరగదు, ముందుకి తొందరగానూ వెళ్ళదు. రేసులో కారు చెడితే డ్రైవరు పక్కకి తీసి ఆపుతాడు. ఇక్కడ ఆపే చోటు లేదు.

ఆ చివరి పగలంతా మాసీ మరమరాలు నీళ్ళలో నానబెట్టి నా నోట్లో పెట్టింది. ఇద్దరు ఓడ మనుషులు నన్ను బాత్రూముకి మోసుకెళ్ళేవారు. మొదటిసారి సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. తరువాత మూసుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకడు ప్రతిసారీ, "భయ్యా, టాక్సీ వచ్చింది," అనేవాడు.

హాడోలో ఓడ ఆగాక నాన్న డ్యూటీ దుస్తుల్లోనే పైకి వచ్చారు. నేను బంకులో పడుకుని ఉన్నాను.

"లెగు. జనం సూస్తన్నారు," అన్నారు.

"నాన్నా, లేవలేను."

ఆయనకు కోపం వచ్చింది. చెయ్యి పట్టుకుని లాగారు. నేను పక్కకి ఒరిగిపోయాను. ఆయన చెయ్యి వదిలేశారు. తరువాత వెనక్కి తిరిగి వంగి, "ఎక్కించండి," అన్నారు ఓడవాళ్ళతో. నన్ను వీపు మీద వేసుకుని దిగారు. ఆయన రోజూ టన్నుల బరువు ఎత్తి దించుతారు, యంత్రంతో. నన్ను దించుతున్నప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి కడ్డీ పట్టుకున్నారు.

ఆగస్టు, ఆసుపత్రి

డాక్టరు నా టికెట్ ముక్క చూశాడు. మమ్మల్ని చూశాడు. "చెన్నై నుంచి వైద్యానికి ఇక్కడికొచ్చావా? అరే భాయ్, నా సర్వీసంతా ఇటు నుంచి అటు పంపడమే చేశాను. అటు నుంచి ఇటు వచ్చినవాడిని నిన్నే చూస్తున్నా."

నాన్న నేల వైపు చూశారు. అమ్మ మాత్రం, "ఉదర్ హమారా కౌన్ హై, సాబ్?" అంది. అక్కడ మాకెవరున్నారు అని. డాక్టరు కేసు షీటు రాసుకోవడం మొదలుపెట్టాడు.

జబ్బు పేరు గిలాన్ బారే సిండ్రోమ్. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత నరాల మీదే పడుతుందట. అంతకు మించి ఇక్కడ రాయను. నాకు తెలిసింది ఇంతే. బుర్ర మామూలుగా పని చేస్తుంది, చెవులు వింటాయి, నొప్పి తెలుస్తుంది, ఏదీ కదలదు. ముక్కు మీద ఈగ వాలితే అది దానంతట అది లేచే వరకూ ఎదురు చూడటమే. చదివేవారికి ఒక్క మాట. తిమ్మిరి పాదాల నుంచి పైకి పాకుతుంటే ఆ గంటలో దగ్గర ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి వెళ్ళండి. ఇంటివాళ్ళు తరువాత వస్తారు.

నన్ను తిరిగి చెన్నై పంపే స్థితి దాటిపోయింది. ఊపిరి బరువవుతోంది, విమానంలో వద్దన్నారు. కావలసిన మందు సరిపడా ఇక్కడ లేదు. నాన్న సెల్వం అన్నకి ఫోన్ చేశారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ హిందీలో, వచ్చినంతలో, మందు పేరు అక్షరం అక్షరం చెప్పుకున్నారు. మరుసటి రోజు విమానం పోర్ట్ బ్లెయిర్ మీద వానలో చక్కర్లు కొట్టి దిగలేక వెనక్కి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు నేను మంచం మీద నుంచి విన్నాను. అందులో నా మందు ఉందని తెలుసు. ఆ మధ్యాహ్నం గురించి ఇంకేమీ రాయలేను.

తరువాతి రోజు విమానం దిగింది. మందు మా నీలం ఐస్ డబ్బాలో వచ్చింది. మూత మీద కారు నంబరు స్టిక్కరు అలాగే ఉంది. నర్సు దాన్ని చూసి, "ఇదేమిటి, కూల్‌డ్రింక్ పార్టీయా?" అంది.

అమ్మ పగలూ రాత్రీ వార్డు బయట వరండాలో ఉండేది. అక్కడ కార్ నికోబార్ నుంచి వచ్చి సునామీ బాధితుల శిబిరంలో ఉంటున్న ఒకావిడ, వాళ్ళాయనకు తోడుగా ఉండేది. తన చాప అమ్మకిచ్చి తను గోడకి ఆనుకుని కూర్చునేదట. వాళ్ళవాళ్ళు ఎంతమంది పోయారని అమ్మ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. అన్నం మాత్రం కలిసి తిన్నారు.

రెండో రౌండు నేను ఆ వార్డులో ఉండగానే జరిగింది. ఆ సాయంత్రం నాన్న ఒక కాగితం ముక్క పట్టుకుని వచ్చారు, ఫోన్‌లో చెప్పింది రాసుకున్నారు.

"కార్తీక్ థర్డ్ అంట. అంటే పాసయినట్టేనా?"

నాకు అప్పుడు మాట సరిగా వచ్చేది కాదు. కళ్ళు మూసి తెరిచాను.

"మరి ఫస్టు ఎందుకు రాలేదంట?" అన్నారు. కాగితం మడిచి మళ్ళీ ఆయనే, "నువ్వు లేవు కదా," అన్నారు. ఆయన నా పనిని పని అని ఒప్పుకున్నది అదే మొదటిసారి.

తరువాత ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు. సెల్వం అన్న గొంతు. "ఈశ్వర్, నువ్వు మాట్లాడకు, విను. చివరి రౌండు నవంబరులో. అప్పటికి నిలబడు. ప్రస్తుతానికి ఒకణ్ణి పెట్టుకున్నాను. చివరి రౌండుకి కారు ఎవరి చేతిలో ఉంటే వచ్చే సీజన్ కూడా వాళ్ళదే, నీకు తెలుసు. అది నీ చేతిలో పెట్టాలని నాకుంది."

ఆ రోజు నుంచి నాకు తేదీ ఒకటే.

సెప్టెంబరు, జంగ్లీఘాట్

ఇంటికి తెచ్చేటప్పటికి తల నిలుపుకోగలిగేవాడిని, కుర్చీలో కట్టి కూర్చోబెడితే కూర్చోగలిగేవాడిని. కాళ్ళు ఇంకా రాలేదు. మేరీ దీదీ అని ఫిజియోథెరపీ ఆవిడ రోజు విడిచి రోజు వచ్చేది. "ఉఠో హీరో, నీ గాడీ వెళ్ళిపోతోంది," అనేది. కాలి బొటనవేలు కదిపించడానికి ఆమె పెట్టే హడావిడి చూసి పక్కింటివాళ్ళు కిటికీ దగ్గర నిలబడేవారు. వేలు కదిలిన రోజున వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, తుడుచుకోలేకపోయాను. దీదీ తుడిచింది.

ఆ నెలలోనే ఒక పగటిపూట భూమి కదిలింది. ఆ ఏడాది అలాంటివి వస్తూనే ఉండేవి, మా సందుకి అలవాటే. గిన్నెలు మోగగానే అందరూ తలుపు దగ్గర వేలాడదీసిన సంచి తీసుకుని, గ్యాస్ కట్టేసి, ఎగువ రోడ్డు మీదికి ఎక్కేస్తారు. ఎవరూ ఎవరినీ పిలవరు. నాన్న డ్యూటీలో ఉన్నారు. సందంతా చెప్పుల చప్పుడు. పక్కింటి అబ్బాయి తలుపులోంచి, "ఆంటీ, చలో!" అని అరిచి, నన్ను చూసి, ఒక క్షణం ఆగి, వాళ్ళ నాన్నమ్మను తీసుకురావడానికి వెళ్ళిపోయాడు. నేను తప్పుపట్టను. ఆవిడ కూడా నడవలేని మనిషే.

అమ్మ గ్యాస్ కట్టేసింది. సంచి తీసింది. దాన్ని మంచం కింద పెట్టి, నా పక్కన కూర్చుంది.

"అమ్మా, వెళ్ళు."

"ఎల్తాన్లే."

"ఇప్పుడు వెళ్ళు. నీళ్ళు రావడానికి టైముంటుంది, వెళ్ళి ఎవరినైనా పంపు."

"ఎవర్ని పంపుతాను? అందరూ పైకెల్తంటే కిందకెవుడొస్తాడు?"

నేను గట్టిగా అరిచాను. నా గొంతు అప్పుడు పిల్లి గొంతులా వచ్చేది. "నా మూలంగా నువ్వు చావద్దు! వెళ్ళు!"

అమ్మ నా కాళ్ళ మీద దుప్పటి సరిచేసింది. "ఆ రోజు నువ్వక్కడ, మేమిక్కడ. అయిదు రోజులు. ఇంకా సాలదేటి?" అంది. "నోర్మూసుకుని పడుకో."

పడుకోవడం తప్ప ఇంకేం చేయగలను? రెండు చేతులూ దుప్పటి మీద ఉన్నాయి. వాటితో ఆమెను ఒక్క తోపు తోయగలిగితే చాలు, తలుపు దాకా వెళ్ళేది. వేళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. సందులో చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఒక కోడి మాత్రం అటూ ఇటూ తిరుగుతోంది. అమ్మ దాన్ని చూసి, "దీనికీ దిక్కు లేదు," అంది. నీళ్ళు రాలేదు. కాసేపటికి జనం దిగడం మొదలుపెట్టారు. అందరూ మా గుమ్మంలోకి చూడకుండా వెళ్ళారు.

సాయంత్రం నాన్నకి చెప్పాను. మరుసటి రోజు ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదుళ్ళు కట్టి ఇంటికి తెచ్చారు. సందులో ఇద్దరు మగవాళ్ళను పిలిచి, నన్ను అందులో కూర్చోబెట్టి, ఎగువ రోడ్డు దాకా మోయించి చూశారు. మేము కారు పని ప్రాక్టీసు చేసినట్టే ఎవరెక్కడ పట్టుకోవాలో చెప్పారు. మోసినవాళ్ళలో ఒకాయన, "ఈశ్వర్, పెళ్ళికి కూడా ఇందులోనే తీసుకెళ్తాం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరువాత ఎప్పుడు భూమి కదిలినా వాళ్ళిద్దరూ ముందు మా ఇంటికే వచ్చేవారు.

అక్టోబరు, జంగ్లీఘాట్

వాకరు పట్టుకుని నిలబడ్డాను. తరువాత వరండా దాకా. కాళ్ళు ముందు వస్తున్నాయి, చేతులు వెనకబడ్డాయి. చొక్కా గుండీలు అమ్మే పెట్టేది.

మూడో రౌండు ముందు రోజు కార్తీక్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఎడమ మలుపుల్లో వెనక జారిపోతోంది. బ్రేకు వదలగానే."

ఏ మలుపు, ఎంత ఇంధనం, టైర్లు ఎన్ని పూటలు వాడినవి, వరసగా అడిగాను. అతను అన్నింటికీ చెప్పాడు. ఏం మార్చాలో చెప్పబోతుండగా అటు వెనక నుంచి అతన్ని ఎవరో పిలిచారు.

"ఒక్క నిమిషం అన్నా. మురుగేశన్న ఏదో మార్చాడంట, కూర్చుని చూడమంటున్నాడు." తరువాత, "ఆ, ఇప్పుడు బాగుంది అన్నా. నీకు రాత్రికి చేస్తా," అన్నాడు.

రాత్రికి చెయ్యలేదు. పదిహేడేళ్ళవాడు, రేసు ముందు రోజు, ఎందుకు చేస్తాడు? మరుసటి రోజు ఇంకొకడు వెనక నుంచి గుద్దడంతో అతని రేసు సగంలో ముగిసింది. అందులో ఏ మెకానిక్ చేయగలిగిందీ లేదు. నేను మాత్రం రోజంతా నా చోట పెట్టుకున్న ఆ మురుగేశ్ గురించే ఆలోచించాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న అన్నారు, "హాడోలో మాటాడేను. స్టోర్సులో కూకునే పని. కారు కాడ నీకేటుందిరా?"

"నవంబరు దాకా ఆగండి."

"నవంబరులో ఏటవుద్ది?"

"నిలబడతాను."

అమ్మ నా కంచంలో చేప ముల్లు తీస్తూ, "నిలబడితే సాలదు, పట్టుకోవాల," అంది. ఆవిడకు రేసు గురించి ఏమీ తెలియదు. నా చేతుల గురించి తెలుసు. ఆ మాటకు రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు గుండీలు పెట్టించుకోవాలి కాబట్టి మాట్లాడాను.

నవంబరు, చెన్నై

డాక్టరు వద్దనలేదు, సరేననీ అనలేదు. నాన్న నన్నొక్కడినే పంపనన్నారు. అమ్మ మా ఇద్దరినీ పంపి తనొక్కతే ఇంట్లో ఉండనంది. ముగ్గురం ఓడెక్కాం. అందరం ఒకచోట ఉన్నాం కాబట్టి రూలు తప్పినట్టు కాదు. ఈసారి ఇనప మెట్లు చేతి కర్రతో ఎక్కాను. నాన్న కింద మెట్టు మీద రెండు చేతులూ చాచి నిలబడ్డారు, జారితే పట్టుకోవడానికి.

ఫలితం ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ రోజు గురించి చెప్పాల్సింది అది కాదు. కార్తీక్ చివరి రేసులో రెండో స్థానం, సీజన్ మొత్తానికి ఐదో స్థానం. నేను ఇది రాసేటప్పటికి కర్ర లేకుండా నడుస్తున్నాను, గుండీలు పెట్టుకుంటున్నాను. ఈ జబ్బుతో పడుకున్నవాళ్ళకు చెప్పగలిగిన మంచి మాట ఇదే. వస్తుంది. ఎప్పుడు రావాలో మనం చెబితే రాదు.

గ్యారేజీలో మురుగేశ్ నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. నన్ను చూడగానే కారు దగ్గర నుంచి పక్కకి జరిగాడు. "మీ కారు, మీరే చూడండి," అన్నాడు. ఎగతాళి కాదు. అన్నీ చూశాను. నేను మార్చవలసింది ఒక్కటీ లేదు. అమ్మ ఎవరూ అడగకుండానే అందరికీ కొబ్బరి ఉండలు పంచింది. నాన్న కారు చుట్టూ తిరిగి, "ఇంతేనా? ఇంత సిన్నదా?" అన్నారు.

రేసు ముందు డ్రైవరుకి సీటు బెల్టులు బిగించడం అతని మెకానిక్ పని. డ్రైవరు ఆ ఇరుకులో తనంతట తను బిగించుకోలేడు. మెకానిక్ కారు పక్కన కాలు ఆనించి రెండు భుజం పట్టీలూ ఒక్కసారిగా కిందికి లాగుతాడు. ఊపిరి సగమే అందేంత బిగువుగా ఉండాలి. డ్రైవర్లు ఈ పని మనిషిని మార్చడానికి ఇష్టపడరు.

కార్తీక్ కూర్చున్నాడు. హెల్మెట్ లోంచి, "ఈశ్వరన్న కడతాడు," అన్నాడు.

సెల్వం అన్న నా వైపు చూశాడు.

కర్రను నాన్నకిచ్చాను. టైరు పట్టుకుని వంగాను. పట్టీలు వేళ్ళకు రెండేసి చుట్లు చుట్టుకుని, నాకున్న బరువంతా వేసి లాగాను. పట్టీలు కదిలాయి. మళ్ళీ లాగాను.

"చాలు అన్నా, చాలా టైటుగా ఉంది, ఇంతకంటే అక్కర్లేదు," అన్నాడు కార్తీక్.

బిగువుగా ఉన్నప్పుడు అతను ఒక్క మాటకు మించి మాట్లాడలేడు. ఇప్పుడు ఆగకుండా అంత వాక్యం చెప్పాడు.

వేళ్ళ చుట్లు విప్పుకున్నాను. "మురుగేశన్నా, నువ్వొకసారి చూడు," అన్నాను.

అతను కాలు ఆనించి లాగాడు. పట్టీ ఇంకా రెండున్నర అంగుళాలు వచ్చింది.